జెబెల్ అలీ వేడి లెక్క: హెస్ నియమం కథ

 

ఇవాళ్టి విషయం పేరు వినగానే కొందరు రేడియో కట్టేస్తారేమోనని భయంగా ఉంది. హెస్ నియమం. మీ ఇంట్లో పదకొండో తరగతి చదివే పిల్లలుంటే ఈ పేరు మీ చెవిన పడే ఉంటుంది. మన రోజుల్లో ఇంటర్ మొదటి సంవత్సరం కెమిస్ట్రీలో "స్థిరోష్ణ సంకలన నియమం" అని ఉండేది. బంధ శక్తుల పట్టిక ఒకటి ఇచ్చి, ఎంథాల్పీ మార్పు కనుక్కోమనేవారు. కూడికలూ తీసివేతలూ తప్ప అందులో ఏమీ ఉండదు. కానీ ఆ లెక్క దేనికో మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు.

ఆ లెక్క దేనికో తెలుసుకోవడానికి జెబెల్ అలీ కంటే మంచి చోటు దొరకదు. అక్కడ అల్యూమినియం ఖనిజం రవ్వంత కూడా లేదు. అయినా 1979 నుంచి అక్కడ అల్యూమినియం తయారవుతోంది. ఇప్పుడు ఏడాదికి పది లక్షల టన్నులకు పైమాటే. ఖనిజం లేనిచోట లోహమేమిటి? జవాబు ఈ కూడికలూ తీసివేతల్లోనే ఉంది. అయితే ముందు ఆ హెస్ గారెవరో చూద్దాం.

జెర్మైన్ హెస్ 1802లో స్విట్జర్లాండులోని జెనీవాలో పుట్టాడు. తండ్రి చిత్రకారుడు. రష్యాలో ఒక సంపన్న కుటుంబంలో పిల్లలకు చదువు చెప్పే ఉద్యోగం దొరికితే, మూడేళ్ళ కొడుకుని తీసుకుని కుటుంబంతో సహా వలస వెళ్ళిపోయాడు. అంటే మన పిల్లల్లాగే హెస్ కూడా పరాయిదేశంలో పెరిగినవాడే. ఇప్పుడు ఎస్తోనియాలో ఉన్న దోర్పాత్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి 1825లో పట్టా తీసుకున్నాడు. స్టాక్‌హోమ్ వెళ్ళి బెర్జీలియస్ అనే మహా రసాయన శాస్త్రవేత్త దగ్గర కొద్దికాలం ఉన్నాడు. తరవాత సైబీరియాలోని ఇర్కుట్స్క్‌లో డాక్టరుగా పనిచేశాడు. 1830లో సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరి, వైద్యం పక్కన పెట్టి, పూర్తిగా రసాయన శాస్త్రంలోకి దిగాడు. రష్యన్ భాషలో ఆయన రాసిన పాఠ్యపుస్తకం చాలాకాలం చలామణీలో ఉంది.

ఆయన చేసిన ప్రయోగం చెప్పుకుంటే చాలా చిన్నది. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని నీళ్ళలో కలిపితే వేడెక్కుతుంది. దాన్ని అమ్మోనియాతో తటస్థం చేస్తే మళ్ళీ వేడి పుడుతుంది. హెస్ ఆ ఆమ్లాన్ని రకరకాల పాళ్ళలో ముందుగా పలచన చేసి, ఆ వేడి కొలిచాడు. తరవాత అమ్మోనియా కలిపి, ఆ వేడీ కొలిచాడు. ముందే బాగా పలచన చేసిన ఆమ్లం అమ్మోనియాతో తక్కువ వేడినిచ్చింది. కొద్దిగా పలచన చేసినది ఎక్కువ ఇచ్చింది. కానీ రెండు వేడుల్నీ కలిపితే ప్రతిసారీ దాదాపు ఒకటే అంకె వచ్చింది. 1840లో ఆ మాటే ప్రకటించాడు. రసాయన చర్య ఒక్క అంగలో జరిగినా, పది మెట్లుగా జరిగినా, మొత్తం మీద ఇచ్చి పుచ్చుకునే వేడి ఒక్కటే.

ఇంకా వివరంగా చెప్పాలంటే మన తిరుమల కొండే సరైన ఉదాహరణ. అలిపిరి మెట్ల దారిన వెళ్ళండి, శ్రీవారి మెట్టు దారిన వెళ్ళండి, ఘాట్ రోడ్డులో బస్సెక్కి వెళ్ళండి. దారుల పొడుగు వేరు, పట్టే సమయం వేరు, కాళ్ళ నొప్పులు వేరు. కింద ఊరికీ పైన గుడికీ మధ్య ఎత్తు మాత్రం మారదు. హెస్ నియమం ఆ ఎత్తు గురించిన నియమం. కాళ్ళ నొప్పుల సంగతి దానికి పట్టదు. ఈ మాట గుర్తుంచుకోండి, తరవాత పనికొస్తుంది.

ఇందులో గొప్పేముంది, శక్తి నిత్యత్వ సూత్రమేగా అంటారు ఈ కాలపు పిల్లలు. నిజమే. కానీ మేయర్ ఆ సూత్రం గురించి రాసింది 1842లో, జౌల్ ప్రయోగాలు వెలువడింది 1843లో, హెల్మ్‌హోల్ట్జ్ వ్యాసం వచ్చింది 1847లో. హెస్ మాట వాటికంటే ముందుది. ఎంథాల్పీ అనే పేరు కూడా అప్పటికి పుట్టలేదు. అది ఇరవయ్యో శతాబ్దం మొదట్లో డచ్చి శాస్త్రవేత్త కామర్లింగ్ ఓన్స్ పుణ్యమా అని వాడుకలోకి వచ్చింది. హెస్ 1850లో, 48 ఏళ్ళకే పోయాడు. ఆయన వదిలి వెళ్ళిన పనిని డెన్మార్కులో థామ్సెన్, ఫ్రాన్సులో బెర్తెలో అందుకుని వందల చర్యల వేడిని కొలిచి పట్టికలు తయారుచేశారు. అణువుల్లో ఒక్కొక్క బంధానికీ ఇంత శక్తి అని లెక్కగట్టే పద్ధతి ఇరవయ్యో శతాబ్దంలో వచ్చింది. 1930లలో లైనస్ పాలింగ్ దాన్ని ఒక కొలిక్కి తెచ్చాడు.

ఇక జెబెల్ అలీకి వద్దాం. అక్కడ దుబాయి విద్యుత్తు, నీటి సంస్థ వారి కేంద్రం ఉంది. దాని సామర్థ్యం 9,500 మెగావాట్లు పైచిలుకు. ప్రధానంగా సహజవాయువు మీద నడుస్తుంది. సహజవాయువంటే చాలావరకు మీథేన్. ఆ మంటనే మనం లెక్క కడదాం. కాగితం, పెన్సిలు తీసుకోండి.

మీథేన్ అణువులో ఒక కార్బన్‌కి నాలుగు హైడ్రోజన్లు అతుక్కుని ఉంటాయి. దానికి రెండు ఆక్సిజన్ అణువులు కలిస్తే ఒక కార్బన్ డయాక్సైడు, రెండు నీటి అణువులు వస్తాయి. బంధాలు తెంచడానికి శక్తి మనం పెట్టాలి. కొత్త బంధాలు ముడిపడినప్పుడు శక్తి మనకు వస్తుంది. ఇంటి జమాఖర్చుల పుస్తకం లాంటిదే.

ముందు ఖర్చు రాద్దాం. కార్బన్–హైడ్రోజన్ బంధం ఒక మోల్‌కి 413 కిలోజౌళ్ళు. నాలుగు తెంచాలి కనక 1,652. ఆక్సిజన్ అణువులోని జంట బంధం 498. రెండు తెంచాలి కనక 996. మొత్తం ఖర్చు 2,648.

ఇప్పుడు జమ. కార్బన్ డయాక్సైడులో కార్బన్–ఆక్సిజన్ జంట బంధం ఒక్కొక్కటి 799. రెండు కనక 1,598. నీటిలో ఆక్సిజన్–హైడ్రోజన్ బంధం 463. రెండు నీటి అణువుల్లో అలాంటివి నాలుగు కనక 1,852. మొత్తం జమ 3,450.

ఖర్చులోంచి జమ తీసేస్తే మైనస్ 802. మైనస్ అంటే వేడి బయటికొచ్చిందని అర్థం. ఇది ఉష్ణమోచక చర్య.

ఇప్పుడు అదే కొండని రెండో దారిన ఎక్కుదాం. బంధాల ఊసెత్తకుండా పట్టికలోని సంశ్లేషణ ఎంథాల్పీలు తీసుకుందాం. అంటే మూలకాల నుంచి ఆ పదార్థం ఏర్పడేటప్పుడు వచ్చే మార్పు. కార్బన్ డయాక్సైడుకి మైనస్ 393.5. నీటి ఆవిరికి మైనస్ 241.8, రెండింటికి మైనస్ 483.6. మీథేన్‌కి మైనస్ 74.8. వచ్చినవాటి మొత్తంలోంచి మీథేన్‌ది తీసేస్తే మైనస్ 802.3. రెండు దారులూ ఒక్కచోటికే చేర్చాయి.

పిల్లలకు ఒక హెచ్చరిక. బంధ శక్తుల పట్టికలో ఉన్నవి చాలావరకు సగటు విలువలు. ఏ అణువులో ఉందన్నదాన్ని బట్టి అదే బంధం కాస్త అటూ ఇటూ మారుతుంది. అందుకని ఈ దారిలో ప్రతిసారీ ఇంత చక్కగా సరిపోదు. పైగా ఈ పద్ధతి వాయువులకే వర్తిస్తుంది. నీరు ఆవిరిగా కాక ద్రవంగా వస్తే మీథేన్ మంట విలువ మైనస్ 890.3 అవుతుంది. తేడా 88. ఒక మోల్ నీటి ఆవిరి నీరుగా మారితే 44 కిలోజౌళ్ళు బయటికి వస్తాయి. మంటలో వచ్చేవి రెండు మోల్‌లు కనక 88. పరీక్షలో చాలామంది మార్కులు పోగొట్టుకునేది సరిగ్గా ఇక్కడే.

ఆ 44 అన్న అంకెని కొంచెం గుర్తుపెట్టుకోండి. జెబెల్ అలీ తాగే నీళ్ళ చరిత్రంతా అందులోనే ఉంది. సముద్రపు నీటిని మరిగించి, ఆవిరిని చల్లార్చి మంచినీళ్ళు చేయాలంటే ప్రతి మోల్‌కీ ఆ 44 పెట్టాలి. 18 గ్రాముల నీళ్ళకి 44 కిలోజౌళ్ళంటే లీటరుకి సుమారు 2,440. అంత వేడి ఎవడు పోస్తాడు? అందుకే అక్కడి పాత డీశాలినేషన్ ప్లాంట్లలో రెండు యుక్తులు వాడారు. ఒకటి, కరెంటు తయారుచేశాక మిగిలిపోయే వేడిని నీళ్ళకి మళ్ళించడం. రెండు, ఆవిరి నీరైనప్పుడు తిరిగొచ్చే 44ని వృథాగా పోనీయకుండా, లోపలికొచ్చే చల్లటి సముద్రపు నీటిని వేడిచేయడానికి వాడుకోవడం. వేడినీటిని గదికో మెట్టు చొప్పున పీడనం తగ్గిస్తూ పంపుతారు. ప్రతి గదిలోనూ కొంత నీరు ఠక్కున ఆవిరవుతుంది. పెట్టింది మళ్ళీ వస్తుందన్న హెస్ ధీమాయే ఆ గదుల వెనక ఉన్నది.

ఇప్పుడు అల్యూమినియం సంగతి. 1855లో పారిస్ ప్రదర్శనలో అల్యూమినియం కడ్డీలను అపురూప వస్తువులుగా చూపించారు. 1884లో అమెరికాలో వాషింగ్టన్ స్మారక స్తంభం కొసన పెట్టిన చిన్న ముక్కా అల్యూమినియమే. భూమి పైపొరలో అన్ని లోహాల కంటే ఎక్కువగా ఉన్నది ఇదే. మరి అంత అపురూపం ఎందుకైంది?

ఇనుముతో పోల్చి చూద్దాం. ఇనుప ఖనిజం లోంచి ఆక్సిజన్‌ని పీకడానికి బొగ్గు చాలు. ఐరన్ ఆక్సైడు సంశ్లేషణ విలువ మైనస్ 824. కార్బన్ మోనాక్సైడుది మైనస్ 110.5. హెస్ పద్ధతిలో లెక్క వేస్తే, కొలిమిలో కార్బన్ మోనాక్సైడు ఇనుముని విడిపించే చర్యకి మైనస్ 25 వస్తుంది. అంటే పైనుంచి వేడి అడగకపోగా కాస్త తిరిగి ఇస్తుంది. అందుకే ఏ పట్టికలూ లేని కాలంలో మన కమ్మరులు ఇనుము తీయగలిగారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో ఉక్కు తయారుచేస్తే, పర్షియా వర్తకులు వెతుక్కుంటూ వచ్చి కొనుక్కుపోయేవారు. ఆ రోజుల్లో లోహం మన ఊళ్ళ నుంచి ఇటు పడమటికి ప్రయాణం చేసేదన్నమాట.

అల్యూమినియం ఆక్సైడు విలువ మైనస్ 1,676. ఇనుము ఆక్సైడుకి రెట్టింపు. ఆక్సిజన్‌ని అంత గట్టిగా పట్టుకుని కూర్చుంది. బొగ్గుతో ఊడదీయాలంటే 2,000 డిగ్రీలు దాటించాలి. అప్పుడు కూడా శుద్ధమైన లోహానికి బదులు కార్బైడులు తయారై పని పాడవుతుంది. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో ఎరూ, ఒకరికొకరు తెలియకుండానే, ఒకే ఉపాయం కనిపెట్టారు. కరిగిన క్రయోలైట్‌లో అల్యూమినాని కరిగించి, 960 డిగ్రీల దగ్గర, కార్బన్ కడ్డీలతో కరెంటు పంపించారు. ఆ తరవాత రెండేళ్ళకే, బాక్సైట్ నుంచి అల్యూమినా తీసే పద్ధతిని బేయర్ అనే ఆయన కనిపెట్టాడు. ఎక్కడనుకున్నారు? హెస్ పనిచేసిన సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోనే.

ఆ కరెంటు ఎంత కావాలి? రెండు అల్యూమినాలు, మూడు కార్బన్‌లు కలిస్తే నాలుగు అల్యూమినియంలు, మూడు కార్బన్ డయాక్సైడులు. మూడు సార్లు మైనస్ 393.5 అంటే మైనస్ 1,180.5. దీంట్లోంచి రెండు అల్యూమినాల మైనస్ 3,352 తీసేస్తే ప్లస్ 2,171 వస్తుంది. ప్లస్ అంటే మనం పెట్టాల్సినది. నాలుగు మోల్‌లకి అంత కనక ఒక మోల్‌కి 543. ఒక మోల్ అల్యూమినియం 27 గ్రాములు. కిలోకి లెక్కిస్తే సుమారు 20,100 కిలోజౌళ్ళు. కరెంటు బిల్లు భాషలో 5.6 యూనిట్లు. బొగ్గు సాయం లేకపోతే ఇదే 8.6 యూనిట్లు అయ్యేది. అంటే ప్రతి కిలోకీ మూడు యూనిట్ల బరువు కార్బన్ కడ్డీలు మోస్తున్నాయి. ఆచరణలో పొయ్యి వేడిగా ఉంచడానికీ, నిరోధానికీ పోగా ప్రపంచ సగటు కిలోకి 14 యూనిట్ల దాకా ఉంటుంది.

అంటే అల్యూమినియం కర్మాగారం ఖనిజం ఉన్నచోట కంటే కరెంటు చవకగా దొరికే చోట పెట్టడం లాభం. ఖనిజం ఓడెక్కి వస్తుంది. కరెంటుని ఓడెక్కించలేం. షేక్ రషీద్ పాలనలో 1975లో దుబాయి అల్యూమినియం కంపెనీ, దుబాల్, స్థాపించారు. 1979లో జెబెల్ అలీ రేవు తెరిచారు. అదే ఏడు లోహం రావడం మొదలైంది. మొదట్లో సామర్థ్యం ఏడాదికి 1,35,000 టన్నులు. అల్యూమినా ఓడల్లో వచ్చేది, గ్యాసు ఇక్కడిది. టర్బైన్ల మిగులు వేడితో మంచినీళ్ళు కూడా తీశారు. 2014లో అబూ ధాబీ కంపెనీతో కలిసి ఇది ఎమిరేట్స్ గ్లోబల్ అల్యూమినియం అయింది.

గ్యాసు ఎంత పడుతుందో కూడా చూసేద్దాం. మీథేన్ ఒక మోల్ 16 గ్రాములు, 802 కిలోజౌళ్ళు. కిలోకి 50,000 కిలోజౌళ్ళు. అంటే 13.9 యూనిట్ల వేడి. అందులో సగం కరెంటుగా మార్చగలిగితే 7 యూనిట్లు. కిలో అల్యూమినియంకి 14 యూనిట్లు కావాలి కనక రెండు కిలోల గ్యాసు. దాంతో అయిదున్నర కిలోల కార్బన్ డయాక్సైడు గాలిలోకి పోతుంది. కార్బన్ కడ్డీలు కాలడం వల్ల వచ్చేది అదనం. 2021 నుంచి కొంత లోహాన్ని ఎడారిలోని సౌర విద్యుత్తుతో చేస్తున్నారు. మన లెక్కలో 5.6 మారదు. అది కొండ ఎత్తు. మారేది దారి, దాంతోపాటు పొగ.

ఇప్పుడు ఇందాకటి 44 దగ్గరికి మళ్ళీ వెళదాం. సముద్రపు నీటికి వర్తించే అంకే మనిషి చెమటకీ వర్తిస్తుంది. ఒక లీటరు చెమట ఒంటి మీద ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడిని ఒంట్లోంచి పట్టుకుపోతుంది. మనిషి రోజంతా తినే తిండిలో ఉండే శక్తి ఎనిమిది తొమ్మిది వేల కిలోజౌళ్ళు. దాంతో పోలిస్తే ఇది నాలుగో వంతు పైనే. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ ఎండలో పనిచేసే మనవాళ్ళ ప్రాణం ఈ అంకె మీద నిలబడి ఉంది. అయితే ఒక మెలిక. చెమట ఆవిరైతేనే లెక్క జమ. జూలై, ఆగస్టు నెలల్లో సముద్రం పక్కన గాలి నిండా తేమ ఉంటుంది. చెమట ధారగా కారి కింద పడుతుంది గానీ ఆవిరి కాదు. కారిపోయిన చెమట వేడిని తీసుకుపోదు, నీటినీ ఉప్పునీ మాత్రం తీసుకుపోతుంది. వడదెబ్బ తగిలేది అందుకే. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని ఈ దేశంలో నిబంధన ఉంది. తోటివాడు తలనొప్పి, కళ్ళు తిరగడం అంటే బద్ధకం అనుకోకండి. మాట తడబడితే అసలు ఆలస్యం చేయకండి. నీడకి తెచ్చి, ఒళ్ళు తడిపి, విసురుతూ డాక్టరు కోసం కబురంపండి. విసరడం వల్ల ఆవిరి పెరుగుతుంది. ఆ 44 పనిచేయడం మొదలుపెడుతుంది.

ఇక మన ఊరి వైపు నుంచి ఒక్క మాట. విశాఖ మన్యంలో బాక్సైట్ కొండలున్నాయి. గిరిజన ప్రాంతాల్లో ప్రైవేటు కంపెనీలకు గనులు ఇవ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో తీర్పు చెప్పింది. 2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇదే ఎమిరేట్స్‌లోని రస్ అల్ ఖైమా పెట్టుబడుల సంస్థతో ఒప్పందం కుదుర్చుకుంది. ప్రభుత్వ సంస్థ తవ్వి ఇస్తే, కింద మాకవరపాలెంలో అల్యూమినా తీయాలన్నది ఆలోచన. కర్మాగారమైతే లేచింది గానీ, గిరిజనుల ప్రతిఘటనతో కొండ మీద తవ్వకం మొదలవలేదు. జెర్రెల కొండల్లో అటవీ భూమికి 2015లో ఇచ్చిన ఉత్తర్వుని 2019లో రద్దు చేశారు.

ఆ కొండల మీద కాఫీ తోటలున్నాయి, ఊటలున్నాయి, ఆ ఊటల మీద బతికే ఊళ్ళున్నాయి. 1,676 అన్న అంకెలో అవేవీ ఉండవు. ఉండవలసిన పనీ లేదు, ఎందుకంటే హెస్ నియమం తనకు అప్పజెప్పిన పని తాను చేస్తుంది. మొదలూ చివరా చూసి మధ్యలో ఎంత వేడి చేతులు మారిందో నిక్కచ్చిగా చెబుతుంది. ఏ దారిన వెళ్ళాలో, ఆ దారిలో ఎవరి కాళ్ళు నొప్పి పెడతాయో మనుషులే కూర్చుని తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడానికి కూడా సరైన అంకెలు చేతిలో ఉండటం మంచిది. లేకపోతే ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళ లెక్కే లెక్క అవుతుంది.

ఇంట్లో ఉండి చేయగల లెక్క ఒకటి చెప్పి ముగిస్తాను. అల్యూమినియం డబ్బాని కరిగించి మళ్ళీ లోహం చేయడానికి, గది వేడి నుంచి 660 డిగ్రీల దాకా వేడిచేసి కరిగించినా, కిలోకి 0.3 యూనిట్లే. ఎందుకంటే ఆక్సిజన్‌తో పేచీ అప్పటికే తీరిపోయింది. 14 ఎక్కడ, 0.3 ఎక్కడ! కొలిమిలో వేడి వృథా అయినా కొత్త లోహంతో పోలిస్తే ఖర్చు ఇరవయ్యో వంతు. కాబట్టి ఖాళీ డబ్బాని చెత్తలో వేసేముందు ఒక్క క్షణం ఆగండి.

పిల్లలకు ఒక చిన్న ఇంటిపని. హైడ్రోజన్ అణువు బంధం 436, క్లోరిన్ అణువు బంధం 242, హైడ్రోజన్ క్లోరైడు బంధం 431. ఒక హైడ్రోజన్, ఒక క్లోరిన్ కలిసి రెండు హైడ్రోజన్ క్లోరైడులు ఏర్పడితే ఎంత వేడి? మైనస్ 184 వస్తే సరిగ్గా చేసినట్టే. దాన్ని రెండుతో భాగించి, మీ పుస్తకం వెనక పట్టికలో హైడ్రోజన్ క్లోరైడు ఎదుట ఏముందో చూసుకోండి. రెండు దారులూ కలిశాయో లేదో మీకే తెలుస్తుంది.